తల ఊపితే నేర్చుకున్నట్టేనా?



మా వార్డుల్లో రోజూ వినిపించే మాట ఒకటుంది. "అర్థమైందా అమ్మా?" అని సిస్టరు అడుగుతుంది. "అయ్యిందమ్మా" అని రోగి తల ఊపుతుంది. "ఆరోగ్య విద్య ఇవ్వడమైనది" అని సిస్టరు కేసు షీటులో రాసి సంతకం పెడుతుంది. రోగి ఇంటికి వెళ్ళిపోతుంది. ముప్పై ఏళ్ళకు పైగా మేమూ ఇలాగే రాశాము, మా దగ్గర పని నేర్చుకున్న పిల్లల చేతా ఇలాగే రాయించాము. ఆ సంతకం మేము మాట్లాడామనడానికి రుజువే గాని, రోగి నేర్చుకున్నదనడానికి రుజువు కాదు. ఇది మాకు ఆలస్యంగా తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాము.

కొన్నేళ్ళ క్రితం మంచి ఎండాకాలంలో చక్కెర వ్యాధితో ఒక మామ్మగారు మా దగ్గర చేరారు. మాత్రలతో అదుపులోకి రాకపోతే డాక్టరుగారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. డిశ్చార్జి రోజున సిస్టరు ఇన్సులిన్ పాఠం చెప్పింది. అది మేమే ఒక పుస్తకం చూసి తయారుచేసిన పాఠం. ఎందరికో చెప్పాము, బాగుందని అందరూ అన్నారు. "సీసా ఫ్రిజ్‌లో పెట్టుకోండి" అన్నది అందులో ఒక మాట. మామ్మగారు తల ఊపారు.

మూడు వారాలకు ఆమె మళ్ళీ వచ్చారు. నోరెండిపోతోంది, కాళ్ళు తేలిపోతున్నాయి, చక్కెర బాగా పెరిగిపోయింది. ఆరా తీస్తే సూది ఒక్కపూట కూడా మానలేదు. పథ్యం తప్పలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు. సందు చివర కూల్‌డ్రింకుల కొట్టువారిని బతిమాలి, వారి ఐసుపెట్టెలో సీసా పెట్టించారు. "చల్లగా ఉండాలన్నారు గదమ్మా, అందుకని బాగా అడుగున పెట్టించాను" అన్నారు. గడ్డకట్టిన ఇన్సులిన్‌ను కరిగించినా నమ్మడానికి లేదు, పారవేయవలసిందే. పాపం, ఆమె పనికిరాని మందు రోజూ పొడిపించుకున్నారు.

"ముసలావిడ మన మాట వినలేదు" అని మాలో ఒకరు అన్నారు. నిజానికి ఆమె విన్నారు. మేము చెప్పినదానికంటే ఎక్కువగానే విన్నారు. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని మేమే అడగలేదు.

కొలత తీసే అమ్మాయి

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా సంఘంలో పుట్టి పెరిగిన ఒక అమ్మాయి, జబ్బుపడిన తల్లికి తోడుగా వారం రోజులు మా వార్డులో ఉంది. హైదరాబాదులో ‘లెర్నింగ్ డిజైనర్’గా పనిచేస్తోంది. అదేం ఉద్యోగమమ్మా అని అడిగాము. "పాఠం టీచరుగారు చెబుతారు మేట్రనమ్మగారూ. చెప్పబోయే పాఠం ఎలా ఉండాలో మేము ముందుగా చూస్తాము. దర్జీ కత్తెర పట్టేముందు కొలత తీసుకోవద్దూ, అలాగ" అంది. అంతటితో ఊరుకోలేదు. "ఇన్సులిన్ వేసుకోవడం అమ్మకు వచ్చిందని మీకెలా తెలుస్తుంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ అమ్మాయి సంచిలో ఒక నోటుబుక్కు ఉంటుంది. ప్రతి పేజీలో మూడు గళ్ళు. ఏమి చదివాను, ఎక్కడ వాడాను, వాడితే ఏమైంది. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ చదువు ఇంకా పూర్తికానట్టే అంటుంది. మేము డిప్లొమా చదువుకున్నవాళ్ళం. పరీక్షలు పాసయ్యాక పుస్తకం పట్టింది తక్కువ. సిగ్గు విడిచి ఆమె దగ్గర పద్ధతి నేర్చుకుని, మా సిస్టర్ల గదిలోనూ అలాంటి నోటుబుక్కు ఒకటి పెట్టాము. అందులో నిలిచినవీ, కొట్టివేసినవీ కొన్ని మీ ముందు పెడుతున్నాము.

చదివినవాటిలో నిలిచినవి

1962లో రాబర్ట్ మేజర్ అనే అమెరికన్ పాఠ్య లక్ష్యాలు ఎలా రాయాలో ఒక చిన్న పుస్తకంలో చెప్పాడు. ‘తెలుసుకొనును’, ‘అవగాహన చేసికొనును’ అని రాస్తే అది జరిగిందో లేదో ఎవరూ చూడలేరు. నేర్చుకున్నవాడు ఏ పని, ఎలాంటి పరిస్థితిలో, ఎంత బాగా చేసి చూపాలో రాయాలి. మా పాత పాఠాలు తీసి చూస్తే అన్నీ ‘తెలుసుకొనును’లే. ఇప్పుడు ఇలా రాస్తున్నాము: "మామ్మగారు తన సిరంజితో, తన కళ్ళద్దాలతో, డాక్టరుగారు రాసిన గీత దాకా మందు లాగి చూపును." ఇలా రాసుకున్న రోజే కొందరు పెద్దవారికి ఆ గీతలు కనబడడమే లేదని బయటపడింది.

1885లో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలను తానే బట్టీపట్టి, ఎంత సేపట్లో ఎంత మరిచిపోతున్నాడో లెక్క వేశాడు. మరపు మొదటి గంటల్లోనే ఎక్కువ. ఒకేసారి చదివినదానికంటే విడతలుగా చదివినది ఎక్కువకాలం నిలుస్తుంది. మరి మేమేం చేస్తున్నాము? బిల్లు కట్టి, ఆటో పిలిచి, సంచులు సర్దుకుంటున్న సమయంలో పాఠమంతా ఒక్క ఊపున చెబుతున్నాము. ఇప్పుడు చేరిన మరునాటి నుంచే రోజుకొక ముక్క చెబుతున్నాము.

2003లో రాయ్ కెసెల్స్ అనే పరిశోధకుడు అంతవరకు జరిగిన అధ్యయనాలను సమీక్షించి ఒక వ్యాసం రాశాడు. వైద్య సిబ్బంది చెప్పిన సమాచారంలో రోగులు 40 నుంచి 80 శాతం వెంటనే మరిచిపోతారనీ, గుర్తున్నదానిలో కూడా దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందనీ ఆ వ్యాసం చెబుతుంది. కాబట్టి ఆసుపత్రిలో విన్నది మీరు మరిచిపోతే అది మీ తెలివితక్కువతనం కాదు. భయంలోనూ నొప్పిలోనూ ఉన్న మనిషికి అది సహజం.

కొట్టివేసినది

మేము చదువుకున్న రోజుల నుంచి ఒక చార్టు మా వెంటే ఉంది. చదివినదానిలో 10 శాతం, విన్నదానిలో 20 శాతం, చేసినదానిలో 90 శాతం గుర్తుంటుందని అందులో ఉంటుంది. ఎడ్గార్ డేల్ అనే ఆచార్యుని పేరు కింద రాసి ఉంటుంది. మేము ఆ చార్టు గోడకు తగిలించి ఎన్నో బ్యాచీలకు పాఠం చెప్పాము. ఆ అమ్మాయి దాన్ని చూసి, "ఈ అంకెలు ఎవరు కొలిచారమ్మగారూ?" అంది. కొలిచినవారు లేరట. డేల్ 1946లో తన పుస్తకంలో ఒక శంఖు బొమ్మ వేసిన మాట నిజం. అందులో శాతాలు లేవు. ఆ అంకెలు తర్వాత ఎవరో కలిపినవి.

చార్టు తీసివేశాము. చేతితో చేయిస్తే బాగా వస్తుందన్న మాట మేము వదులుకోలేదు. అది రోజూ కళ్ళతో చూస్తున్నాము. కాని అందంగా అచ్చు వేసినంత మాత్రాన అంకె నిజం కాదని మాకు బుద్ధి వచ్చింది. మీ ఫోన్లకు రోజూ వచ్చే ఆరోగ్య సలహాలను కూడా ఇదే ప్రశ్న అడగండి. ఎవరు కొలిచారు, ఎప్పుడు, ఎవరి మీద?

మళ్ళీ మళ్ళీ పనికివచ్చే పాఠాలు

డేవిడ్ వెర్నర్, బిల్ బోవర్ కలిసి 1982లో ఆరోగ్య కార్యకర్తలకు ఎలా నేర్పాలో ఒక పెద్ద పుస్తకం వేశారు. మెక్సికో కొండ పల్లెల్లో వారు పనిచేస్తూ నేర్చుకున్నది అందులో ఉంది. డాక్టరు లేని చోట ఏం చేయాలో చెప్పే వెర్నర్ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో కూడా తెచ్చింది. ఆ రెండింటి నుంచి మేము తీసుకున్నవి మా పిల్లల వార్డులో ఇప్పటికీ నడుస్తున్నాయి.

మొదటిది బుర్ర పాపాయి. ఎండిన ఆనపకాయ బుర్రకు పాపాయి ముఖం గీస్తాము. కళ్ళ దగ్గర, కింద ఒంటికి, రెంటికి వెళ్ళేచోట్ల చిన్న కన్నాలు పెట్టి పుల్లలు బిగిస్తాము. నడినెత్తిన మాడు ఉండే చోట కోసి, తడిగుడ్డ పరిచి, నిండా నీళ్ళు పోస్తాము. వెనుక పుల్ల తీస్తే పాపాయికి విరేచనాలు. నీరు తగ్గేకొద్దీ కంటి వెంట నీళ్ళు ఆగిపోతాయి, ఒంటికి పోవడం ఆగిపోతుంది, మాడు మీద గుడ్డ లోపలికి గుంట పడుతుంది. అది చూసి తల్లి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. "విరేచనాలైతే నీళ్ళు ఎక్కువ పట్టాలా, తగ్గించాలా?" అని అప్పుడు అడిగితే జవాబు ఆమె నోటి నుంచే వస్తుంది. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయని భయపడే నాయనమ్మ ముందు కూడా ఈ పాఠం గెలుస్తుంది. ఆనపకాయ దొరకకపోతే ప్లాస్టిక్ సీసాతో కూడా చేయవచ్చు.

రెండోది సూర్యుడు, చంద్రుడు. చదువు రానివారి మందుల కవరు మీద పొద్దు పొడుపు, నడిమింట సూర్యుడు, చంద్రవంక గీసి, ఎన్ని మాత్రలో వాటి పక్కనే బొమ్మ వేస్తాము. ఒకటి గుర్తుంచుకోవాలి. బొమ్మ అందరికీ ఒకేలా అర్థం కాదు. పొద్దు పొడుపు బొమ్మను చూసి ఒక తాతగారు సాయంత్రం మాత్ర అనుకున్నారు. ఉదయించే సూర్యుడు, అస్తమించే సూర్యుడు కాగితం మీద ఒకటే గదా! అప్పటి నుంచి పొద్దుటి బొమ్మ పక్కన కోడిపుంజును కూడా వేస్తున్నాము.

మూడోది ఇన్సులిన్ సిరంజి మూత. ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి కాబట్టి కాస్త ఓపికగా చదవండి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఒకటి, 100 యూనిట్లు ఒకటి. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజరంగు మూత సిరంజి వాడాలి. 40 సీసా నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే, చక్కెర తగ్గదు. 100 సీసా నుంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళతాయి, మనిషి స్పృహతప్పి పడిపోవచ్చు. ఇదంతా నోటితో చెబితే ఎవరి తలకూ ఎక్కదు. అందుకని రెండు ఖాళీ సిరంజిలు, రంగునీళ్ళు తెచ్చి, రెండింటిలో 20 గీత దాకా లాగించి, పక్కపక్కన రెండు చిన్న గ్లాసుల్లో పోయిస్తాము. ఒక దాంట్లో ఎంత, రెండో దాంట్లో ఎంత! తేడా కంటికి కనబడ్డాక మరిచినవారు తక్కువ.

పాఠం ఒకటే, ఇల్లు వేరు

మంచి పాఠాన్ని ఎన్నిసార్లయినా వాడవచ్చు. అయితే పాఠంలో మారని భాగం ఒకటి, మార్చవలసిన భాగం ఒకటి ఉంటాయి. ఇన్సులిన్ ఎండకు పాడవుతుంది, గడ్డకడితే పాడవుతుంది. ఇది మారదు. దాన్ని ఎక్కడ దాచాలన్నది మాత్రం ఇంటింటికీ మారుతుంది. ఫ్రిజ్ ఉన్నవారికి తలుపు అరలో పెట్టమంటాము, మంచుగడ్డ అర దగ్గరికి వెళ్ళనివ్వవద్దంటాము. లేనివారికి వాడుతున్న సీసాను నీరు తగలకుండా డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కుండలో పెట్టమంటాము. ఆ కుండను పెద్ద కుండలో తడి ఇసుక మధ్య, నీడలో ఉంచి చూపిస్తాము. అది ఫ్రిజ్ అంత చల్లదనం ఇవ్వదు గాని వేసవి వేడి నుంచి కాపాడుతుంది. సీసా తెరిచిన తేదీ దాని మీద రాసుకోమనీ, నాలుగు వారాలు దాటితే వాడవద్దనీ చెబుతాము. తెరవని సీసాలు మాత్రం ఫ్రిజ్ ఉన్న చోటే ఉండాలి.

మామ్మగారి విషయంలో మేము చేసిన తప్పు ఇదే. ఫ్రిజ్ ఉన్న ఇంటికి కుట్టిన చొక్కాను ఫ్రిజ్ లేని ఇంటికి తొడిగాము.

కోటిమందికి పైగా తల్లులకు నేర్పినవారు

ఇదంతా చిన్న ఆసుపత్రిలో చేసుకునే ముచ్చట అని ఎవరైనా అనవచ్చు. కాదు అనడానికి మన పొరుగునే సాక్ష్యం ఉంది. 1971 యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, సోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు ఆయన చికిత్సలో ఉన్నవారిలో 4 శాతం లోపుకు తగ్గాయి. 2022లో ఆయన కన్నుమూశాక, 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

మందు ఉంది. మరి దాన్ని ఇంటింటికీ ఎవరు నేర్పాలి? 1980 నుంచి పదేళ్ళపాటు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ ఆ పని చేసింది. పెద్ద చదువులు లేని ఆడవాళ్ళు ఊరూరా తిరిగి, కోటీ 20 లక్షలకు పైగా ఇళ్ళలో తల్లులకు మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, నీరు కలపడం నేర్పారు. చెప్పి ఊరుకోలేదు, తల్లి చేత కలిపించారు. మాకు బాగా నచ్చినది వారి జీతం పద్ధతి. కొన్ని వారాల తర్వాత వేరొకరు వెళ్ళి తల్లిని పరీక్షించేవారు. ఆమెకు ఎంత గుర్తుంటే నేర్పినామెకు అంత జీతం. ఎంత మాట్లాడావన్నది లెక్క కాదు, ఆమె ఎంత చేయగలదన్నదే లెక్క. ఆ పద్ధతిలో జీతం ఇస్తే మాలో ఎందరం నెలాఖరుకు బియ్యం కొనుక్కోగలమో అని నవ్వుకున్నాము. నవ్వాక మాత్రం చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఇప్పుడు మనకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి, చిటికెలతో కొలిచే పని లేదు. కాని ప్యాకెట్టుకూ పాఠం కావాలి. లీటరు ప్యాకెట్టును గ్లాసుడు నీళ్ళలో కలిపే తల్లులు ఇంకా ఉన్నారు. అలా చిక్కగా కలిపితే బిడ్డకు హాని. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా వస్తున్నాయి గనుక ఎంత నీటికో ముందు చూడాలి. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి, 24 గంటల్లో మిగిలినది పారబోయాలి. పేరు చూసి మోసపోకూడదు కూడా. ఓఆర్‌ఎస్ అన్న పేరుతో తియ్యటి పానీయాలు అమ్ముతున్నారని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలకు ఆ పేరు పెట్టకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

టైము ఎక్కడిది?

మా సిస్టర్లే ఈ మాట అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రాత్రి డ్యూటీలో ఒక్కతే ఎన్నో మంచాలు చూసుకోవాలి. ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోతుంటే ఇంకో మంచం దగ్గర ఆనపకాయ పాఠం ఎలా చెబుతుంది? మా జవాబు ఇది. పది సంగతులు చెప్పి ఏదీ నిలవకపోవడంకంటే, రెండు చెప్పి రెండూ నిలవడం మేలు. చెప్పే మాటలు తగ్గించి, ఆ మిగిలిన సమయంలో చెప్పించుకోండి. నేర్చుకున్న తల్లి చేత పక్క మంచం తల్లికి చెప్పించండి. అందుకని అన్ని రోజులూ మేము అనుకున్నట్టు నడుస్తున్నాయని చెప్పడం లేదు. నడవని రోజున కేసు షీటులో అబద్ధం రాయకుండా "మళ్ళీ చూడవలెను" అని రాస్తున్నాము. అదీ కొంత మార్పే.

పాఠకులకు మా మనవి

మీకు అర్థం కానప్పుడు తల ఊపకండి. "ఇంకొకసారి చెప్పండి సిస్టర్" అనడం మర్యాద తప్పడం కాదు.

"అర్థమైందా?" అని మేము అడిగితే, "నేను చెబుతాను, తప్పుంటే దిద్దండి" అని మీరే మొదలుపెట్టండి.

మీ ఇంటి సంగతి దాచకండి. ఫ్రిజ్ లేకపోయినా, కళ్ళద్దాలు విరిగినా, వంట కోడలి చేతిలో ఉన్నా మాకు చెప్పండి. అది లేకుండా మా పాఠం కొలత లేని బట్ట.

ఇంట్లో మందులు చూసేవారు ఎవరో వారిని డిశ్చార్జికి ముందురోజే వెంట తీసుకురండి.

మందు, సిరంజి, ఇన్‌హేలర్ ఏదైనా సరే, మా ఎదుట మీ చేతితో ఒకసారి చేసి చూపకుండా ఇంటికి వెళ్ళకండి.

మామ్మగారు ఇప్పటికీ చెకప్‌కు వస్తున్నారు. వచ్చినప్పుడల్లా కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినవారి పక్కన కూర్చోబెడతాము. కుండ సంగతి చెబుతారు, సిరంజి మూత రంగు చూపిస్తారు. చివర్లో, "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు" అంటారు. మేము ఇన్నేళ్ళు అడగని ప్రశ్న అది.

– నర్సింగ్ సూపరింటెండెంట్